కంపెనీ సర్వర్ ఆపేస్తే మనం డబ్బు పెట్టి కొన్నది పని చేయదా? (కెమెరాలు, థర్మోస్టాట్లు, మోటారు స్టార్టర్లు)

తణుకు_అబ్బాయి (డాలస్)

అందరికీ నమస్కారం. తణుకులో అమ్మ, నాన్న ఇద్దరే ఉంటారు, నేనూ చెల్లీ ఇక్కడ. కొన్నేళ్ల కింద సెలవులకు వెళ్లినప్పుడు గేటు దగ్గర, వరండాలో, పెరట్లో వైఫై కెమెరాలు పెట్టించి వచ్చాను. కంపెనీ పేరు రాయను, ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు కాబట్టి. ఈ మధ్య మెయిల్ వచ్చింది, ఈ మోడళ్లకు సేవలు ముగిస్తున్నాం, ఫలానా తేదీ తర్వాత యాప్‌లో కనిపించవు, కొత్త మోడల్ కొంటే కూపన్ ఇస్తాం అని. ఆ తేదీ దాటింది, మూడూ యాప్‌లోంచి పోయాయి.

నాకు మింగుడు పడనిది ఏంటంటే కెమెరాలు పాడవలేదు. కరెంటు తీసుకుంటున్నాయి, వైఫై పట్టుకుంటున్నాయి, చీకటి పడితే లోపల ఎర్ర చుక్కలు వెలుగుతున్నాయని నాన్న చెప్తున్నారు. ఆయన హాల్లో అదే రూటర్ పక్కన కూర్చుని ఫోన్ తీసినా గేటు దగ్గర ఎవరున్నారో చూడలేకపోతున్నారు. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యింది, లేచి తలుపు దాకా వెళ్లడం కష్టం. రాత్రి కాలింగ్ బెల్ మోగితే ఇద్దరికీ టెన్షన్, ఇక్కడ నాకూ టెన్షన్.

రెండు ప్రశ్నలు. ఈ కెమెరాలు ఇంకే విధంగా అయినా వాడుకోవచ్చా? రెండోది, అమ్మేసిన వస్తువుని ఇలా దూరం నుంచి ఆపేసే హక్కు కంపెనీకి ఎలా వచ్చింది?

కోఠి_కెమెరా (హైదరాబాద్)

అన్నా నమస్తే. కోఠి గుజరాతీ గల్లీలో సామాను తీసుకుని సిటీ అంతా కెమెరాలు బిగించే పని నాది. ఇలాంటి ఫోన్లు ఈ మధ్య చాలా వస్తున్నయ్. ముందు ఒక మాట గట్టిగా చెప్తున్నా, ఎవరు చెప్పినా సరే ఆ కెమెరాలను రీసెట్ చేయించకండి. రీసెట్ కొడితే వైఫై పేరు, పాస్‌వర్డ్ అన్నీ పోతాయి, మళ్లీ ఎక్కించాలంటే కంపెనీ యాప్ కావాలి, ఆ యాప్‌కి సర్వర్ కావాలి, అది ఇప్పుడు లేదు. అప్పుడు నిజంగానే పనికిరాకుండా పోతాయి.

ఊర్లో ఎవరైనా కంప్యూటర్ తెలిసిన పిల్లగాడు ఉంటే రూటర్ పేజీలోకి వెళ్లి మూడు కెమెరాల ఐపీ నంబర్లు రాసుకోమనండి. తర్వాత అదే వైఫై మీద ల్యాప్‌టాప్ పెట్టి ఓఎన్‌వీఐఎఫ్ డివైస్ మేనేజర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో వెతికించండి. ఓఎన్‌వీఐఎఫ్ అంటే వేర్వేరు కంపెనీల కెమెరాలు, రికార్డర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి, కెమెరాకి అది ఉంటే పేరు వస్తది. లేదంటే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ఆర్‌టీఎస్‌పీ అడ్రసు, అంటే కెమెరా నేరుగా వీడియో పంపే అడ్రసు కొట్టి చూడాలి, మామూలుగా 554 పోర్టు. పాస్‌వర్డ్ అంటే ఒక్కోసారి యాప్‌లో పెట్టుకున్నదే, ఒక్కోసారి కెమెరా కింద స్టిక్కర్ మీద వెరిఫికేషన్ కోడ్ అని ఉంటది. బొమ్మ వచ్చిందంటే బతికినట్టే. చిన్న ఎన్‌వీఆర్ డబ్బా (కెమెరాల వీడియో రికార్డ్ చేసేది) పెట్టి టీవీకి కలిపితే అమ్మ మంచం మీద నుంచే గేటు చూసుకోవచ్చు.

రాకపోతే మాత్రం అబద్ధం చెప్పను, ఆ కెమెరా కంపెనీ సర్వర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండా చేసింది. చవక వైఫై కెమెరాల్లో అలాంటివి చాలా ఉన్నయ్.

నిర్వాహకుడు

చిన్న మనవి. మోడల్ నంబర్ రాయండి, ఫర్వాలేదు. సీరియల్ నంబర్, క్యూఆర్ కోడ్ ఉన్న స్టిక్కర్ ఫొటో మాత్రం ఇక్కడ పెట్టకండి. కొన్ని కెమెరాలను ఆ కోడ్‌తోనే వేరేవాళ్లు తమ యాప్‌లో ఎక్కించుకోగలరు.

సర్క్యూట్_సుబ్బు (బెంగళూరు)

తణుకు బ్రో, నేను ఇలాంటి చిన్న పరికరాల్లో ఉండే సాఫ్ట్‌వేర్ రాస్తాను, కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మీ నాన్నగారి ఫోన్, గేటు కెమెరా ఒకే వైఫై మీద ఉన్నా అవి నేరుగా మాట్లాడుకోవు. కెమెరా ఆన్ అవగానే సింగపూర్‌లోనో ముంబైలోనో ఉన్న సర్వర్‌కి వెళ్లి నేను ఫలానా అని హాజరు వేయించుకుంటుంది. ఫోన్ కూడా అక్కడికే వెళ్లి నా కెమెరాలు ఏవి అని అడుగుతుంది. ఇద్దరినీ కలిపేది ఆ సర్వరే. కొనేటప్పుడు ఇది మనకి సుఖంగా ఉంటుంది, రూటర్‌లో ఏమీ మార్చక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. మధ్యలో ఉన్నవాడు లేచిపోయిన రోజున రెండు చివరలూ బాగానే ఉంటాయి కానీ కలిపేవాడు ఉండడు.

దీనికి తోడు సర్టిఫికెట్ల గొడవ ఒకటి ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రతి పరికరంలో నేను అసలైనదాన్నే అని చెప్పుకునే డిజిటల్ సర్టిఫికెట్లు ఉంటాయి, వాటికి గడువు ఉంటుంది. 2025 మార్చి 9న ప్రపంచమంతా గూగుల్ వాళ్ల రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు (ఫోన్‌లోని వీడియో టీవీలో చూపించే చిన్న పరికరాలు), క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. ఎవరూ కావాలని ఆపలేదు, 2015లో పదేళ్ల గడువుతో చేసిన ఒక ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లకు హామీ ఇచ్చేది) ఆ రోజు ముగిసింది, అంతే. గూగుల్ వాళ్లు కూడా అప్పుడు చెప్పింది కోఠి అన్న చెప్పిన మాటే, ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి అని. తర్వాత అప్‌డేట్ పంపి సరిచేశారు. అక్కడ ఇంకా కంపెనీ ఉంది, పట్టించుకునే ఇంజనీర్లు ఉన్నారు కాబట్టి సరిచేశారు. మూతపడ్డ కంపెనీ వస్తువుకి గడువు తీరితే ఎవరొస్తారు?

ఫ్రీమాంట్_ఫణి (కాలిఫోర్నియా)

నా మాట చాలామందికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. ఇలాంటి వస్తువులు చేసే ఒక స్టార్టప్‌లో పనిచేశాను. కెమెరా ఒక్కసారి అమ్ముతాం, డబ్బు ఒక్కసారే వస్తుంది. సర్వర్ అద్దె మాత్రం ప్రతి నెలా కట్టాలి. పాత మోడల్‌లో చిప్ చేసినవాడు సాఫ్ట్‌వేర్ ఇవ్వడం మానేస్తాడు, లోపల నడిచే మూల సాఫ్ట్‌వేర్, లైనక్స్ కెర్నల్, పాతబడిపోతుంది, కొత్త లోపం బయటపడితే సరిచేయడానికి ఆ కోడ్ తెలిసిన మనిషి కంపెనీలోనే ఉండడు. సరిచేయకుండా నడిపిస్తే ఎవడో హ్యాకర్ మీ ఇంట్లోకి తొంగి చూస్తాడు, అప్పుడూ తిట్టేది కంపెనీనే. రెండు మూడు వేల రూపాయలకి కొన్న కెమెరాకి జీవితాంతం సర్వర్ నడపమంటే ఎవరివల్లా కాదు. ముందుగా మెయిల్ పెట్టారు, కూపన్ ఇచ్చారు. ఇంతకంటే ఏం చేయాలి?

లీడ్స్_లక్ష్మి (ఇంగ్లండ్)

ఫణి గారూ, జీవితాంతం నడపమని ఇక్కడ ఎవరూ అడగలేదండీ. ఎన్నాళ్లు నడుపుతారో అమ్మేముందు చెప్పమంటున్నాం. ఆపేటప్పుడు తాళం తీసి వెళ్లమంటున్నాం. ఇల్లు అమ్మినవాడు వీధి తలుపు తాళంచెవి తన జేబులోనే ఉంచుకుని, ఆరేళ్ల తర్వాత నేను ఊరు వెళ్లిపోతున్నా ఇక మీరు లోపలికి వెళ్లలేరు అంటే ఒప్పుకుంటామా?

చెప్పడం కుదరని పనేం కాదు. ఇక్కడ బ్రిటన్‌లో పీఎస్‌టీఐ చట్టం 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉంది. నెట్‌కి కలిసే వస్తువు ఏది అమ్మినా కనీసం ఎన్నాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో ప్రకటించాలి. అన్నిటికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదు. యూరప్‌లో సైబర్ రెజిలియెన్స్ యాక్ట్ వచ్చింది, దాని ముఖ్యమైన నియమాలు 2027 డిసెంబర్ 11 నుంచి వర్తిస్తాయి, మామూలుగా కనీసం ఐదేళ్ల సపోర్ట్ ఇవ్వాలి, వస్తువు వాడకమే అంతకంటే తక్కువ కాలమైతే తప్ప.

మరి మీ అమెరికాలో? 2024 నవంబర్‌లో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ సిబ్బంది 184 స్మార్ట్ వస్తువుల వెబ్ పేజీలు చూశారు. దాదాపు 89 శాతం వాటిలో సపోర్ట్ ఎన్నాళ్లో ఎక్కడా రాయలేదు. పాలప్యాకెట్ మీద తేదీ వేయించగలిగిన ప్రభుత్వాలు పది వేలు పోసి కొన్న వస్తువు మీద ఎందుకు వేయించలేవు?

ఫ్రీమాంట్_ఫణి (కాలిఫోర్నియా)

తేదీ వేయడం మీద నాకు అభ్యంతరం లేదు. వేయాలి. నేను మాట్లాడింది ఖర్చు గురించి. ముందే తేదీ చెప్పాల్సి వస్తే ధర కూడా పెరుగుతుందని గుర్తుంచుకోండి.

లీడ్స్_లక్ష్మి (ఇంగ్లండ్)

పెరగనివ్వండి. ఒకదాని ధరకి ఎనిమిదేళ్లు వస్తుందని, ఇంకోదాని ధరకి మూడేళ్లే వస్తుందని తెలిస్తే ఏది చవకో అప్పుడు మేమే లెక్కేసుకుంటాం.

పాత_పాటల_ప్రేమికుడు (విశాఖపట్నం)

నేను వింటున్నంత కాలంలో ఈ వరస చాలాసార్లు చూశాను. 2014లో రెవోల్వ్ అనే హబ్ చేసే కంపెనీని గూగుల్ వాళ్ల నెస్ట్ కొనేసింది. ఇంట్లో లైట్లు, తాళాలు అన్నీ ఒక్క యాప్‌లో నడిపే డబ్బా అది, 300 డాలర్లు, పైగా జీవితకాల సేవ అని చెప్పి అమ్మారు. 2016 మే 15న సర్వర్ ఆపేశారు, డబ్బా నిష్ప్రయోజనం. గోల అయ్యింది, డబ్బు వాపసు ఇస్తామన్నారు, ఎఫ్‌టీసీ విచారణ మొదలుపెట్టి చివరికి చర్య లేకుండా ముగించింది. ఆ రోజే గట్టిగా ఒక మాట చెప్పి ఉంటే ఈ పదేళ్లలో ఇంతమంది దెబ్బ తినేవాళ్లు కాదు అని నా నమ్మకం.

తర్వాత 2020లో స్పీకర్ల కంపెనీ సోనోస్. పాత స్పీకర్లకి అప్‌డేట్లు ఆపుతామన్నారు. అంతకంటే దారుణం వాళ్ల రీసైకిల్ మోడ్. కొత్తది కొంటే 30 శాతం తగ్గింపు ఇస్తారు, బదులుగా మీ పాత స్పీకర్‌లో ఒక మీట నొక్కాలి, కొన్నాళ్లకి అది శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది. చక్కగా పాడుతున్న స్పీకర్‌ని, ఇంకొకరు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుని వినగలిగే స్పీకర్‌ని, చంపి చెత్తలో వేయించడం. జనం ఊరుకోలేదు, సీఈఓ క్షమాపణ చెప్పారు, ఆ రీసైకిల్ మోడ్ తీసేశారు.

బోస్ సౌండ్‌టచ్ సంగతి దీనికి భిన్నంగా ముగిసింది, అందుకే రాస్తున్నాను. 2013 నుంచి అమ్మిన స్పీకర్లు, కొన్ని చాలా ఖరీదైనవి. 2025 అక్టోబర్‌లో క్లౌడ్ ఆపుతున్నాం, 2026 ఫిబ్రవరి 18 ఆఖరు అన్నారు. వాడేవాళ్లు గట్టిగా అడిగాక తేదీ మే 6కి జరిపారు, స్పీకర్‌తో మాట్లాడే పద్ధతి ఏంటో వివరించే పత్రాలు బయట పెట్టారు, ఎవరైనా సొంతంగా యాప్ రాసుకోవచ్చు. సర్వర్ ఆగినా ఇంట్లో వైఫై మీద వాడుకునే దారి ఉంది. చూశారా, తలుచుకుంటే చేయగలరు. దీనికి కంపెనీ దివాలా తీయాల్సిన పనేమీ పడలేదు.

సర్క్యూట్_సుబ్బు (బెంగళూరు)

కరెక్ట్. ఇంకో మంచి ఉదాహరణ స్టేడియా. 2023 జనవరి 18న గూగుల్ ఆ ఆటల సేవ మూసేసింది, కానీ కంట్రోలర్‌ని మామూలు బ్లూటూత్ కంట్రోలర్‌గా మార్చుకునే టూల్ ఇచ్చింది, హార్డ్‌వేర్ డబ్బు వాపసు ఇచ్చింది. అదే పాటల సేవ స్పాటిఫై వాళ్లు కార్లో పెట్టుకోవడానికి చేసిన కార్ థింగ్ చూడండి, 90 డాలర్ల వస్తువు, 2022లో అందరికీ అమ్మకానికి పెట్టి అదే ఏడాది తయారీ ఆపేశారు, 2024 డిసెంబర్ 9న పూర్తిగా పనిచేయకుండా చేశారు. లోపల తెర ఉంది, బటన్లు ఉన్నాయి, లైనక్స్ నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ తాళం తీసి ఇచ్చి ఉంటే కాలేజీ పిల్లలు వంద రకాలుగా వాడుకునేవాళ్లు.

ఇంట్లో ఏసీ, హీటర్ నడిపే నెస్ట్ థర్మోస్టాట్లు డాలస్, అట్లాంటా వైపు మనవాళ్ల ఇళ్లలో చాలా ఉంటాయి కాబట్టి అది కూడా చెప్తాను. 2011, 2012 మోడళ్లకి 2025 అక్టోబర్ 25న సపోర్ట్ ఆగింది. గోడ మీద చేత్తో తిప్పితే ఇప్పటికీ పనిచేస్తాయి, ఫోన్‌లో నుంచి మాత్రం మార్చలేరు. ఆ రెండు తరాలకి నో లాంగర్ ఈవిల్ అనే పేరుతో బయటి డెవలపర్ ఒక సాఫ్ట్‌వేర్ చేశాడు, మళ్లీ ఫోన్‌కి కలపొచ్చు. కానీ ఒక మనిషి కూర్చుని తాళం పగలగొడితే తప్ప మన గోడ మీద వస్తువు మనకి దక్కకపోవడం ఏంటి? అమెరికాలో అలా తాళం తీయడం కూడా డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం 1201 సెక్షన్‌తో చిక్కు తేవచ్చు.

గుంటూరు_నర్స్ (చికాగో)

కెమెరాలు, స్పీకర్ల దగ్గర ఆగిపోతున్నారు. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను, నాకు ఇది చదువుతుంటే గుర్తొచ్చేది ఆర్గస్ 2. కాలిఫోర్నియాలో సెకండ్ సైట్ అనే కంపెనీ చేసింది. రెటినైటిస్ పిగ్మెంటోసా వల్ల చూపు పోయినవాళ్ల కంట్లో అమర్చే ఇంప్లాంట్, కళ్లజోడుకి కెమెరా, నడుముకి చిన్న ప్రాసెసర్. 2013లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలు చూసే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ప్రపంచంలో 350 మందికి పైగా పెట్టించుకున్నారు, ఖరీదు లక్షా యాభై వేల డాలర్ల దాకా. వెలుగు, నీడ, తలుపు అంచు, మనిషి ఆకారం అంత మాత్రం కనిపించినా వాళ్లకి అదే పెద్ద సంగతి. 2019లో కంపెనీ ఆ ఇంప్లాంట్ ఆపేసింది, 2020లో ఉద్యోగులను చాలామందిని తీసేసింది. బయటి ప్రాసెసర్ పాడైతే బాగుచేసేవాళ్లు లేరు, విడిభాగాలు లేవు. ఎమ్మారై తీయాలంటే డాక్టర్లు కంపెనీని అడగాలి, ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. 2022లో ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక రాసే దాకా బయట ఎవరికీ పట్టలేదు.

సేవ ఎందుకు ఆగిందో నాకు అర్థమవుతుంది, వ్యాపారం నడవలేదు. కానీ మనిషి శరీరంలో పెట్టేదానికి కూడా రేపు కంపెనీ లేకపోతే ఎవరు చూస్తారు అనే కాగితం ముందే రాయించుకోలేదంటే నాకు కోపం వస్తుంది. డిజైన్లు, కోడ్, విడిభాగాల లెక్కలు మూడో మనిషి దగ్గర జమ చేయించాలి. అది చట్టంగా ఉండాలి, కంపెనీ దయ మీద ఉండకూడదు.

కూకట్‌పల్లి_అమ్మ (హైదరాబాద్)

మేడమ్ మీ పోస్ట్ చదివి కాసేపు ఏమీ తోచలేదు.

మా అక్క వాళ్లు అమెరికాలో ఉంటారు. వాళ్ల తెలిసినవాళ్ల బాబుకి మాట్లాడే రోబో ఒకటి ఉండేదట, దాన్ని చేసిన కంపెనీ మూతపడుతోందంటే ఆ పిల్లాడికి ఎలా చెప్పాలో తెలియక తల్లి చాలా బాధపడిందని అక్క చెప్పింది. అలాంటివి నిజంగా చాలా ఉన్నాయా?

సర్క్యూట్_సుబ్బు (బెంగళూరు)

ఉన్నాయండీ. మోక్సీ అని ఎంబాడీడ్ కంపెనీ చేసింది, 799 డాలర్లు, ఐదు నుంచి పదేళ్ల పిల్లల కోసం. 2024 డిసెంబర్‌లో పెట్టుబడి దొరక్క మూసేస్తున్నామని చెప్పారు. బుర్రంతా క్లౌడ్‌లోనే ఉంటుంది కాబట్టి సర్వర్ లేకపోతే మాట రాదు. తర్వాత ఓపెన్‌మోక్సీ అని ఇంట్లో కంప్యూటర్ మీద నడుపుకునే దారి ఒకటి తీశారు, కొంచెం సాంకేతికం తెలియాలి. పెబుల్ వాచీలు ఇంకో కథ. 2016లో కంపెనీ పోయింది, 2018 జూన్ 30న సర్వర్లు ఆగాయి, వాడేవాళ్లే రెబుల్ అని గుంపు కట్టి సొంత సర్వర్ పెట్టుకుని నడిపించారు. 2025 జనవరిలో గూగుల్ ఆ వాచీ సాఫ్ట్‌వేర్ కోడ్ కూడా బయట పెట్టింది.

బెజవాడ_వినియోగదారు (విజయవాడ)

తణుకు అబ్బాయి రెండో ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. నేను వినియోగదారుల కేసుల్లో పనిచేస్తాను కాబట్టి మన దేశం వరకు చెప్తాను. కంపెనీకి ఆ హక్కు ఎలా వచ్చిందంటే, మీరు యాప్ మొదటిసారి తెరిచినప్పుడు 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన పేజీల్లో, ఎప్పుడైనా సేవ మార్చే లేదా ఆపే అధికారం మాకుంది అని రాసి ఉంటుంది. అది అంతిమం అనుకోకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో అన్యాయమైన ఒప్పందం అనే భావన చేర్చారు, అలాంటి షరతును ప్రశ్నించవచ్చు. అది జిల్లా కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. సేవలో లోపం, అన్యాయ వ్యాపార పద్ధతి అనేవి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. డబ్బా మీద, ప్రకటనలో ఫోన్‌లో ఎక్కడి నుంచైనా చూడండి అని ఉండి, సపోర్ట్ గడువు ఎక్కడా లేకపోతే ఆ డబ్బా, ఆ బిల్లు దాచుకోండి. అవే మీ సాక్ష్యం.

ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి, దానికి ఖర్చు లేదు. తేలకపోతే జిల్లా కమిషన్. ఇప్పుడు కొనుగోలుదారు ఉన్న ఊళ్లోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉందని ఢిల్లీ పోనక్కర్లేదు. ఐదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. బిల్లు నాన్నగారి పేరున ఉంటే ఆయన పేరున వేయడమే మంచిది.

రిపేరు హక్కు పోర్టల్ 2022 డిసెంబర్‌లో పెట్టారు. వ్యవసాయ పరికరాలు, మొబైల్-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు దాని కింద వస్తాయి. 2025లో రిపేరబిలిటీ సూచిక (వస్తువు రిపేరు ఎంత సులువో చెప్పే మార్కులు) మీద కమిటీ నివేదిక ఇచ్చింది, మార్కులు వేసే అంశాల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా ఒకటి, మొదట ఫోన్లు, ట్యాబ్లెట్ల మీద దృష్టి పెట్టారు. అది కెమెరాల దాకా, స్విచ్చుల దాకా రావాలి. సూచిక అంటే మార్కులే, గడువు తప్పనిసరి చేసే చట్టం కాదు. అది అడగాల్సింది మనమే.

మానేరు_రైతు (కరీంనగర్ జిల్లా)

మీరంతా కెమెరాలు, స్పీకర్లు అంటున్నరు. నేను బోరు మోటారు గురించి అడగాలని వచ్చిన. మా దగ్గర మొబైల్ స్టార్టర్లు మస్తుగ ఉన్నయ్. పాతది సిమ్ వేసుకుని నడిచేది, ఫోన్ చేస్తే లేదంటే మెసేజ్ పెడితే మోటారు ఆన్ అయితది, ఫేజ్ పోతే నాకే మెసేజ్ వస్తది. అప్పట్ల కరెంటు రాత్రి పూట ఇచ్చేటోళ్లు, చీకట్ల పొలం గట్టు మీద పాములు తిరుగుతయ్, కొందరు స్టార్టర్ డబ్బా దగ్గర షాక్ కొట్టి చనిపోయిన్రు. అందుకే ఆ స్టార్టర్ వచ్చినంక మా ఇంట్ల ఆడవాళ్లకు ధైర్యం వచ్చింది. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు వచ్చినంక ఆటో స్టార్టర్లు తీసేయమని డిపార్ట్‌మెంటోళ్లు చెప్పిన్రు, నీళ్లు అడుగంటుతయ్ అని. మోటారు దానంతట అదే నడిచే ఆటో వేరు, మనం ఫోన్ చేస్తే నడిచే మొబైల్ స్టార్టర్ వేరు.

ఇప్పుడు దుకాణంల కొత్తది చూపిస్తున్నరు. యాప్ ఉంటది, ఎన్ని గంటలు నడిచిందో లెక్క ఉంటది, ఏడాదికింత అని రీచార్జ్ ఉంటది. మీ ముచ్చట చదివినంక నాకు భయమైంది. ఆ కంపెనీ రేపు సర్వర్ బంద్ పెడితే నా మోటారు ఏమైతది? నాట్లు వేసిన మడికి నీళ్లు ఆగితే మెయిల్ పెట్టినం కదా అంటే నడుస్తదా?

సర్క్యూట్_సుబ్బు (బెంగళూరు)

అన్నా, ఈ చర్చ మొత్తంలో అసలైన ప్రశ్న మీదే. మీ పాత స్టార్టర్‌కి, మీ ఫోన్‌కి మధ్య ఉన్నది సిమ్ కంపెనీ ఒక్కటే. స్టార్టర్ చేసిన కంపెనీ రేపు లేకపోయినా మెసేజ్ వెళ్తుంది, మోటారు తిరుగుతుంది. కొత్త యాప్ స్టార్టర్‌లో మీ వేలు నొక్కింది ముందు కంపెనీ సర్వర్‌కి వెళ్లి అక్కడి నుంచి బోరు దగ్గరికి రావాలి. దుకాణంలో ఒక్కటే అడగండి: డేటా లేకపోయినా, యాప్ లేకపోయినా కాల్‌తోనో మెసేజ్‌తోనో ఆన్, ఆఫ్ అవుతుందా? దుకాణంలోనే సిమ్‌లో డేటా ఆపించి మెసేజ్ పెట్టి చూపించమనండి. డబ్బా మీద మామూలు పచ్చ, ఎర్ర బటన్లు ఉన్నాయో లేవో కూడా చూడండి, ఏది పోయినా చేత్తో నడిపే దారి ఉండాలి.

ఇంకోటి. పాత స్టార్టర్లు చాలా వరకు 2జీ మీద నడుస్తాయి. జియోకి 2జీ లేదు, ఆ సిమ్ పనిచేయదు. ఎయిర్‌టెల్, వీఐ వాళ్లు ఇంకా 2జీ నడుపుతున్నారు. కొత్తది కొనేటట్టయితే 4జీ మాడ్యూల్ ఉండి, మెసేజ్‌తో కూడా నడిచేది చూసుకోండి.

ఫ్రీమాంట్_ఫణి (కాలిఫోర్నియా)

రైతన్న రాసింది చదివాక నా మాట కొంచెం మారుస్తున్నాను. సర్వర్ ఖర్చు గురించి నేను చెప్పింది ఇప్పటికీ నిజమే, ఏ కంపెనీ కూడా ఎల్లకాలం నడపలేదు. కానీ సర్వర్ లేకపోయినా కనీసం పని జరిగేలా మొదటి రోజే డిజైన్ చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు, ఆ సంగతి మా డిజైన్ మీటింగుల్లోనే మాట్లాడుకునేవాళ్లం. త్వరగా అమ్మకానికి పెట్టాలని పక్కన పెట్టేస్తారు. పైగా అన్నీ సర్వర్ గుండా వెళ్తేనే రేపు నెలవారీ చందా అడగొచ్చు. ఇది దాచిపెట్టాల్సిన పని లేదు.

కోఠి_కెమెరా (హైదరాబాద్)

ఫణి సార్ నిజం చెప్పిన్రు. దుకాణంల నన్ను అడిగేటోళ్లు మొదట అడిగేది ధర, తర్వాత ఎన్ని మెగాపిక్సెల్. నెట్ లేకుంటే రికార్డ్ అయితదా అని అడిగేటోళ్లు చాలా తక్కువ. 2025 ఏప్రిల్ 9 నుంచి కొత్త కెమెరా మోడళ్లకి ఎస్‌టీక్యూసీ అనే ప్రభుత్వ సంస్థ సెక్యూరిటీ పరీక్ష ఉండాలని కేంద్రం పెట్టింది, అది మంచిదే, మార్కెట్‌లో కొంచెం చెత్త తగ్గింది. నేనైతే కస్టమర్‌కి వైర్ కెమెరా, ఎన్‌వీఆరే చెప్తా. గోడకి రంధ్రాలు పడతయ్, కొంచెం ఖర్చు ఎక్కువ, కానీ రికార్డింగ్ మీ ఇంట్ల హార్డ్ డిస్క్‌లో ఉంటది.

సర్క్యూట్_సుబ్బు (బెంగళూరు)

ఒక హెచ్చరిక కూడా చేర్చాలి. సపోర్ట్ ఆగిన కెమెరాని, రూటర్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి. యూట్యూబ్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటివాళ్లు నేరుగా లోపలికి వచ్చేలా రూటర్‌లో దారి తెరవడం) చేయమని చెప్తారు, వద్దు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి కెమెరాలు, డీవీఆర్‌లలోకే డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లతో దూరి, అక్టోబర్ 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. గడువు తీరిన పాత రూటర్లను నేరగాళ్లు వాడుకుంటున్నారని 2025 మేలో ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది. బయట నుంచి చూడాలంటే వీపీఎన్, అంటే మీకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి పెట్టుకోవాలి. తణుకులో పాత ల్యాప్‌టాప్‌నో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌నో ఉంచి, ఇంటి పరికరాలన్నీ ఒకచోట నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ నడిపితే డాలస్ నుంచి చూడొచ్చు, కావాలంటే నేను కాల్‌లో సాయం చేస్తాను.

తణుకు_అబ్బాయి (డాలస్)

అందరికీ చాలా చాలా థాంక్స్. మా బాబాయి కొడుకు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి కోఠి అన్న చెప్పినట్టే చేశాడు. గేటు కెమెరా, వరండా కెమెరా వీఎల్‌సీలో వచ్చాయి. పెరట్లోది వేరే మోడల్, అన్ని పోర్టులూ మూసేసి ఉన్నాయి, దాని మీద ఆశ వదిలేశాను. వచ్చేవారం భీమవరం నుంచి ఎన్‌వీఆర్ తెప్పించి టీవీకి కలుపుతున్నారు. సుబ్బు బ్రో, వీపీఎన్ సంగతి నీకు మెసేజ్ చేస్తా. బిల్లు నాన్న పేరునే ఉంది, డబ్బా అటక మీద దొరికింది, 1915కి నాన్నే ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకున్నారు. పెరటి కెమెరా ఒక్కదాని డబ్బు కోసం కాదు, ఆయనకి ఇది రికార్డుల్లో ఉండాలని పట్టుదల.

బెజవాడ_వినియోగదారు (విజయవాడ)

మంచి పని చేశారు. కంపెనీ పంపిన ఆ మెయిల్ ప్రింట్ తీసి పెట్టుకోమనండి, తేదీ కనిపించేలా.

మానేరు_రైతు (కరీంనగర్ జిల్లా)

దుకాణానికి పోయిన. సుబ్బు తమ్ముడు చెప్పినట్టు డేటా బంద్ పెట్టి చూపించమన్న. మొదట చూపించింది ఆన్ కాలేదు. రెండోది ఇంకో కంపెనీది, మెసేజ్‌కి ఆన్ అయింది, ఆఫ్ అయింది, బటన్లు కూడా ఉన్నయ్. యాప్ రీచార్జ్ కట్టకున్నా మెసేజ్ నడుస్తది అని బిల్లు మీద రాసిమ్మన్న, దుకాణమాయన ముందు అవసరం లేదన్నడు, తర్వాత రాసి ముద్ర వేసిండు. ఆ మెసేజ్ నంబర్లు మా కొడుకు ఫోన్ల, నా ఫోన్ల, పక్క పొలం ఆయన ఫోన్ల ఎక్కించినం. పాత స్టార్టర్‌ని తీసేయలేదు, రెండో బోరుకు పెట్టిన.